ఏనుగుకు నడికట్టు

ఫిబ్రవరి 2, సోమవారం

ఆయన పోయాక డైరీ రాయడం మానేశాను. చదివి అక్షరదోషాలు ఏరే మనిషి లేనప్పుడు రాసి ఏం లాభం అనిపించింది. ఈరోజు మళ్లీ మొదలుపెడుతున్నాను. కారణం: ఈ విషయం మీద ఇంట్లో నేను నోరు విప్పితే కోడలు విప్పుతుంది, కోడలు విప్పితే అబ్బాయి చెప్పులేసుకుని బయటికి పోతాడు. కాగితం ఎక్కడికీ పోదు.

జరిగింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. పొద్దున మనవరాలిని బడికి తీసుకెళ్తుంటే మలుపులో కుక్క అడ్డొచ్చింది. బ్రేకు వేశాను. ఏనుగు ఆగింది. వెనక సీట్లో ఉన్న పిడుగు ఆగలేదు. ముందు సీటు వీపుకున్న ఇనుప కమ్మీకి మూతి కొట్టుకుంది. ఒక పన్ను ఊడింది.

ఎలాగూ ఊడే పన్నే. పన్ను ఊగుతోందని వారం నుంచి అదే అంటోంది.

కుక్కకు ఏమీ కాలేదు. ఏనుగుకూ ఏమీ కాలేదు. అది కారని ఎవరూ అనుకోరు. రంగు బూడిద, నడక నిదానం, దాహం ఎక్కువ. ఆ మూడూ చూసే ఆయన దానికి ఆ పేరు పెట్టారు.

కోడలు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. అందుకే దాని చూపు ఎవరి విషయంలోనూ చర్మం దగ్గర ఆగదు. సాయంత్రం రాగానే పిడుగు నోరు తెరిపించి, టార్చి వేసి చాలాసేపు చూసింది. ఏదో అనబోయి మానేసింది. తర్వాత నా వైపు తిరిగింది.

“అత్తయ్యా, వెనక సీటుకు బెల్టులు పెట్టించండి. అప్పటిదాకా పాప బడి బస్సులో వెళ్తుంది.”

“ఏనుగుకు బెల్టులెందుకమ్మా? ఇప్పటి కార్లంటే రేకు డబ్బాలు, వాటికి కావాలి. దీని తలుపు వేస్తే వీధి చివరికి వినిపిస్తుంది. అంతా ఇనుమే.”

“ఆ ఇనుమే కదత్తయ్యా మూతికి తగిలింది.”

అబ్బాయి చెప్పులు వేసుకున్నాడు.

ఆయన డబ్బు లెక్క రాసేవారు, నేను రోజు లెక్క రాసేదాన్ని. ఆ అలవాటు ప్రకారం:
జమ: నిల్.
ఖర్చు: నిల్. పన్ను రాయనక్కర్లేదు, ఎలాగూ ఊడేదే.

ఫిబ్రవరి 3, మంగళవారం

పిడుగు బస్సెక్కింది. కిటికీలోంచి చెయ్యి ఊపింది. పొద్దుటిపూట నాకు బోలెడు తీరిక దొరికింది. చాలా హాయిగా ఉంది.

ఫిబ్రవరి 4, బుధవారం

హాయిగానే ఉంది. ఏనుగును తుడిచాను. మధ్యాహ్నం మళ్లీ తుడిచాను.

ఫిబ్రవరి 5, గురువారం

పిల్లను బడిలో దింపడం నాకేదో సరదా అని కోడలి అభిప్రాయం. సరదా కాదు, అవసరం. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. దారిలో ఆ పిల్లకు క్రియలు నేర్పుతాను. కళ్లజోడు పెట్టుకుంటాం, కోటు వేసుకుంటాం, మేజోళ్లు తొడుక్కుంటాం, తలకు రుమాలు ముడి వేస్తాం కాబట్టి కట్టుకుంటాం. ఒకదానికి చెప్పేది ఇంకొకదానికి చెప్పకూడదు. ఈ కాలం వాళ్లకు అన్నీ “వేసుకోవడమే”. బస్సులో ఇవెవరు నేర్పుతారు?

సాయంత్రం పిడుగును పక్కన కూర్చోబెట్టుకుని, ఊరికే తెలుసుకుందామని అడిగాను.

“బస్సులో బెల్టులుంటాయా?”

“ఉంటాయి నానమ్మా. టక్‌మంటాయి. నేను రోజూ పెట్టుకుంటున్నా.”

“పెట్టుకోవడం కాదు. బెల్టు అంటే నడికట్టు. నడికట్టును కట్టుకుంటాం.”

“బస్సు అంకుల్ పెట్టుకోమన్నాడే?”

“ఆయన పని బస్సు నడపడం, భాష నడపడం కాదు.”

అబ్బాయి ఇదంతా విని మెల్లగా వచ్చి నిలబడ్డాడు. ఏదో అడగాలన్నప్పుడు వాడు చిన్నప్పటినుంచీ ఒంటికాలి మీదే నిలబడతాడు.

“అమ్మా, అమ్మేద్దామా?”

“కామా ఎక్కడ పెట్టావో చెప్పు. అమ్మేద్దామంటున్నది కారునా, నన్నా?”

“కారునేనే! పాతదైపోయింది కదా.”

“నేనూ అయిపోయాను. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే. పోయి నీ పని చూసుకో.”

నిజానికి ఏనుగుకు బెల్టులు లేకపోలేదు. ముందు సీట్లకు రెండున్నాయి. కంపెనీ వేసిన ప్లాస్టిక్ తొడుగుతో సహా ఉన్నాయి. మాసిపోతాయని ఆయన తొడుగు తీయనివ్వలేదు, ఎవరినీ వాడనివ్వనూ లేదు. అందుకే ఇప్పటికీ కొత్తవి.

జమ: ఒక జోకు (కామా). అబ్బాయి నవ్వలేదు కాబట్టి సగమే జమ.

ఫిబ్రవరి 7, శనివారం

బెల్టు అంటే ఏమిటి? గట్టి పట్టీ. అటక మీద నవారు మంచం ఉంది. ఆయన పుస్తకాల బరువునూ, ఆయన బరువునూ, ఆయన గురకనూ మోసి తెగని నవారు. దించి, కత్తిరించి, కుట్టుమిషను మీద మూడు వరసలు కుట్టాను. కొసలు వెనక సీటు చట్రానికి బిగించాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది. కోడలు అడిగింది బెల్టే కదా, ఎక్కడ కొనాలో చెప్పలేదు.

ఇంటి ముందు నిలబడి ఉన్న కార్లోకి పిడుగు ఎక్కింది.

“ఊ, కట్టుకో,” అన్నాను.

కట్టుకుంది. నా మనవరాలు కదా, చెప్పిన మాట చెప్పినట్టు చేస్తుంది. నడుం చుట్టూ తిప్పి ముడి వేసింది. ముడి మీద ముడి వేసింది. ఆ ముడి మీద, అందంగా ఉంటుందని, పువ్వు ముడి వేసింది.

“ఇప్పుడు విప్పు.”

రాలేదు. నేను ప్రయత్నించాను. రాలేదు. తలపిన్నుతో పొడిచాను. అబ్బాయిని పిలిస్తే వాడు తప్పు కొస లాగి ఇంకా బిగించాడు. పిడుగుకు నవ్వాగడం లేదు. ఈ గొడవలో కోడలు డ్యూటీ నుంచి వచ్చింది. బ్యాగు కూడా దించకుండా కారు తలుపు పట్టుకుని నిలబడింది.

“అత్తయ్యా, ఒక్క మాట అడగనా? ఇప్పుడు బండికి నిప్పంటుకుంటే?”

అబ్బాయి కత్తెర తెచ్చాడు. మంచి నవారు.

జమ: పిల్ల నవ్వింది, ఊడిన పంటి సందుతో సహా.
ఖర్చు: ఒక నవారు మంచం.

ఫిబ్రవరి 8, ఆదివారం

ముడి తప్పు కావచ్చు, పట్టీ తప్పు కాదు. ఈసారి ముడి బదులు పాత సంచీ కొక్కెం కుట్టాను. పిల్ల ప్రాణంతో ప్రయోగాలు చేసేంత బుద్ధి లేనిదాన్ని కాను కాబట్టి, పుస్తకాల మూట కట్టి, దానికి పిడుగు వానకోటు తొడిగి, ఎవరూ లేని మైదానానికి తీసుకెళ్లాను.

మొదటి పరీక్ష బెల్టు లేకుండా. నడిచే మనిషి కంటే కాస్త వేగంగా వెళ్లి బ్రేకు వేశాను. మూట చీలి నిఘంటువు గాల్లో లేచి నా తల వెనక తగిలింది. ఇన్నేళ్లు పాఠం చెప్పాను, నా శిష్యులెవరికీ నిఘంటువు అంత గట్టిగా తలకెక్కలేదు.

కుక్క రోజున ఏనుగు ఇంతకంటే వేగంగా వెళ్తోంది. అయితే అది వేరే విషయం.

రెండో పరీక్ష బెల్టుతో. అదే వేగం, అదే బ్రేకు. బెల్టు పుస్తకాలను వదల్లేదు. సీటు బండిని వదిలింది. కింది పరుపు, చట్రం, నవారు, నిఘంటువు, వానకోటు అన్నీ ఒక్క కుటుంబంలా కలిసికట్టుగా ముందుకొచ్చాయి. ఆ సీటు ఊరికే గాడిలో కూర్చోబెట్టిందని, ఏ బోల్టూ లేదని ఇన్నాళ్లకు తెలిసింది.

ఇంటికొచ్చాక సీటు బిగించడానికి అబ్బాయి సాయం కావాల్సి వచ్చింది.

“ఎలా ఊడిందమ్మా ఇది?”

“ఎలాగూ ఊడే సీటేరా.”

ఆ మాట అన్నాక ఎందుకో అబ్బాయి ముఖం చూడలేదు.

ఫిబ్రవరి 10, మంగళవారం

మెకానిక్‌ను పిలిచాను. వీధంతా అతన్ని “అయిపోయిందనుకోండి” అంటారు. పని మొదలుపెట్టకముందే ఆ మాట అంటాడు కాబట్టి.

“చాలా చిన్న పనమ్మా. నేలకు ఇక్కడో చిల్లు, అక్కడో చిల్లు. బోల్టు బిగిస్తే అయిపోయిందనుకోండి. మొన్న గుద్దేసిన కారొకటి వచ్చింది, దాని బెల్టులు నా దగ్గరే ఉన్నాయి. మీకోసమే దాచినట్టున్నాయి.”

“గుద్దుకున్నప్పుడు ఒకసారి బరువు ఆపిన బెల్టు సాగిపోయి ఉంటుంది. అది వద్దు. కొత్తవి తేవాలి.” (ఇది నేను కనిపెట్టిందే. కోడలు కూడా ఎప్పుడో ఇలాంటిదే అన్నట్టు గుర్తు.)

సరే అని డ్రిల్లు పెట్టాడు. డ్రిల్లు వెన్నలో వేలు పెట్టినట్టు దిగిపోయింది. చిల్లులోంచి కింద నేలా, నేల మీద అతని చెప్పూ కనిపించాయి.

“కొంచెం తుప్పు పట్టిందమ్మా.”

“కొంచెమా? ఇక్కడున్నదంతా తుప్పే. దానికే కాస్త ఇనుము పట్టింది.”

“ఏం పర్లేదు, పెద్ద వాషరేసి బిగిస్తా. అయిపోయిం...”

“పలుపు ఎంత గట్టిదైతే ఏం లాభం, గుంజ పుచ్చిపోతే?”

అతను తల గోక్కున్నాడు. నేను లోపలికెళ్లి కోడలికి ఫోన్ చేశాను. ఎందుకు చేశానో నాకే తెలియదు. సలహా కోసం కాదు, సమాచారం కోసం. భోజనం వేళకు వచ్చింది. ఆసుపత్రి బట్టల్లోనే గోనెపట్టా పరిచి కారు కింద పడుకుని, టార్చి వేసి, వేలితో టకటకా కొట్టి చూసింది. కింద నుంచే మాట్లాడింది.

“ఎడమ వైపు మొత్తం పోయిందత్తయ్యా. కుడి వైపు బాగుంది. ఈ రేకు కోసి, కొత్తది అతికి, బెల్టు బిగించేచోట మందం పట్టీ వేయాలి.”

“అదే నేనూ అన్నాను. వాషరుతో సరిపెడతానంటున్నాడు.”

“వాషరా? ఎవరికి, పాపకా?”

“చెప్పమ్మా, నువ్వే చెప్పు. నేను చెబితే వినడు.”

అయిపోయిందనుకోండి మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూశాడు. “అత్తాకోడళ్లు ఒక మాట మీదుండడం నా సర్వీసులో చూళ్లేదమ్మా. చేస్తా, మీరు చెప్పినట్టే చేస్తా.”

కోడలు బట్టలు దులుపుకుంటూ అంది. “బెల్టు పెట్టినంత మాత్రాన ఇది కొత్త కారైపోదత్తయ్యా. దీనికి గాలి సంచుల్లేవు, ముందు భాగం మెత్తగా నలగదు. బండి నలగకపోతే ఆ దెబ్బ ఎవరికి? లోపలున్న మనకు. అందుకే పాత బండికే బెల్టు ఇంకా ముఖ్యం. సీట్లో ఉంటే సగం గండం గడిచినట్టే. వానలో, పెద్ద రోడ్డు మీద మాత్రం దీన్ని తీయకండి.”

“చూద్దాం.”

“ముందు బెల్టులు కూడా మార్పించండి.”

“అవి కొత్తవే.”

“ఎప్పుడైనా పెట్టుకుని చూశారా?”

“తొడుగు మీదుగా రోజూ చూస్తున్నాను.”

కోడలు ముందు సీటు వైపు చూసి టార్చి ఆర్పేసింది. ఆయన తొడుగు మీద బాల్‌పెన్నుతో రాసిన “తీయరాదు” దానికీ కనిపించి ఉంటుంది.

ఫిబ్రవరి 12, గురువారం

ఏనుగు షెడ్డులో ఉంది. పిడుగు బస్సులో ఉంది. నేను ఇంట్లో ఉన్నాను. ఇల్లు చాలా పరిశుభ్రంగా ఉంది.

ఫిబ్రవరి 15, ఆదివారం

ఏనుగు వచ్చింది. నేల కొత్తది. వెనక సీటుకు బోల్టులు పడ్డాయి. నడుం మీదా భుజం మీదా పట్టే కొత్త బెల్టులు, కోడలు కొన్న ఎత్తు సీటూ అమరాయి. అయిపోయిందనుకోండి, అబ్బాయి ఇద్దరూ కాళ్లు తన్నిపెట్టి తాడుతో గుంజారు. తాడు తెగి ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. బెల్టు కదల్లేదు.

“అయిపోయిందమ్మా,” అన్నాడు. మొదటిసారిగా “అనుకోండి” లేకుండా.

ఫిబ్రవరి 16, సోమవారం

పిడుగు మళ్లీ నా బండెక్కింది. కోడలు వంగి పట్టీ సర్దింది. పొట్ట మీద కాకుండా తుంటి మీదకు, మెడ మీద కాకుండా భుజం మీదకు. టక్‌మంది.

“కట్టుకున్నావా?” అన్నాను నేను.

పిడుగు ఆలోచించింది. “నానమ్మా, ముడి ఉంటేనే కట్టుకోవడం అన్నావు కదా. దీనికి ముడేదీ?”

కోడలు ఆకాశం వైపు చూస్తూ నిలబడింది. నవ్వు ఆపుకుంటున్నప్పుడు దాని గడ్డం అలా పైకి లేస్తుంది.

భాషలో మొండితనం పనికిరాదని పిల్లలకు నేనే చెప్పేదాన్ని. వాడుకే రాజు. అయినా వెంటనే ఒప్పుకోలేదు. బడి గేటు దాకా వేరే క్రియలు అడిగాను. పిల్ల దిగబోతుంటే, కిటికీలోంచి చూస్తూ, “తిరుగు దారిలో కూడా... పెట్టుకోవాలి,” అన్నాను.

“పెట్టుకుంటా!”

జమ: పిడుగు. (ఒక్క ముక్కలో రాస్తే ఇంతే.)
ఖర్చు: ఒక వ్యాకరణ సూత్రం.

ఫిబ్రవరి 18, బుధవారం

పక్కింటావిడ ఏనుగును చూసి మెచ్చుకుంది. వెనక బెల్టులు పెట్టించాలన్న ఆలోచన నాకు మొదటినుంచీ ఉందని చెప్పాను.

ఫిబ్రవరి 20, శుక్రవారం

చెయ్యి ఎత్తితే ఛాతీ నొప్పి పెడుతోంది. అక్షరాలు వంకరగా వస్తే ఆయన క్షమించాలి.

పొద్దున బడి వీధికి ముందున్న సందులోంచి నీళ్ల ట్యాంకరు హారను లేకుండా వచ్చింది. బ్రేకు మీద నిలబడ్డాను. ఏనుగు ఘీంకరించి, ట్యాంకరుకు జానెడు దూరంలో ఆగింది. నేను ఆగలేదు. స్టీరింగు వచ్చి గుండెల మీద గుద్దింది. నా పక్కన బెల్టు తన తొడుగులో, మాసిపోకుండా, కొత్తగా వేలాడుతోంది.

ఊపిరి అందాక వెనక్కి తిరిగాను. తిరగడానికి భయమేసింది.

పిడుగు తన సీట్లో తను ఉంది. సంచీ కింద పడింది, నీళ్ల సీసా ముందుకొచ్చింది, అది మాత్రం అక్కడే ఉంది.

“నానమ్మా! నేను ఎక్కడికీ పోలేదు!”

“దెబ్బ తగిలిందా? ఎక్కడైనా నొప్పా?”

“లేదు. ఇదిగో చూడు, నా ఊగే పన్ను కూడా పోలేదు!” నోరు తెరిచి నాలుకతో పైపన్ను కదిపి చూపించింది. “ఇంకా ఊగుతోంది.”

“ఏ ఊగే పన్ను?”

“అదే, నీకు చెప్పానుగా, అప్పుడెప్పుడో. ఇదే అది.”

“మరి కుక్క రోజున ఊడింది?”

“అది కిందది. అది ఊగలేదుగా నానమ్మా. గట్టిగానే ఉండేది.” తర్వాత నా ముఖం చూసింది కాబోలు. “పర్లేదులే, ఇంకోటి వస్తుంది,” అంది.

ట్యాంకరు వెళ్లిపోయింది. వెనక ఎవరో హారను కొడుతున్నారు. పిల్లను బడిలో దింపి నేరుగా కోడలి ఆసుపత్రికి వెళ్లాను.

కోడలు నన్ను ఎక్స్‌రే పలక ముందు నిలబెట్టింది. గడ్డం పట్టుకుని పైకెత్తింది. చేతులు నడుం మీద పెట్టింది. అలా నిలబడితే నేను క్లాసులో పిల్లలను తిట్టే భంగిమే అయింది. ఇప్పుడే చెప్పేయాలనుకున్నాను.

“అమ్మాయ్, ఆ పన్ను...”

“ఊపిరి బిగపట్టండి అత్తయ్యా.”

“అది కాదు, ఆ రోజు...”

“మాట్లాడకూడదు. బొమ్మ చెడిపోతుంది. బిగపట్టండి... ఆ, వదలండి.”

వదిలాను. ఊపిరితో పాటు ధైర్యం కూడా బయటికి పోయింది.

కోడలు బొమ్మను వెలుతురుకు పెట్టి, టార్చి వేసి పిడుగు నోట్లో చూసినట్టే చాలాసేపు చూసింది.

“ఎముకలన్నీ బాగున్నాయత్తయ్యా, ఒక్కటీ విరగలేదు. మొండితనం మాత్రం పడలేదు. అది పట్టేంత పెద్ద ఫిల్ము మా దగ్గర లేదు.”

నవ్వబోతే పక్కటెముకలు నొప్పి పెట్టాయి. కోడలు నా భుజం పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టింది. కూర్చున్నాక కూడా చెయ్యి తీయలేదు.

లెక్క సరిచేస్తున్నాను.

ఈ రోజు జమ: పిడుగు, మొత్తంగా, ఊగే పంటితో సహా.
ఈ నెల రెండో తేదీ ఖాతాలో ఖర్చు: ఒక పన్ను. గట్టిది.

ఇక జరగవలసినవి:

1. ముందు సీట్ల బెల్టులు తీయించి కొత్తవి వేయించాలి. “తీయరాదు” అని రాసిన తొడుగు నా బీరువాలో ఉంటుంది. అక్కడ దాన్ని ఎవరూ తీయరు.

2. పిడుగు మూతి తగిలిన ఇనుప కమ్మీకి మెత్త కుట్టాలి. నవారు ఇంకా మిగిలింది.

3. వానలో, పెద్ద రోడ్డు మీద ఏనుగును తీయకూడదు. ఇది నా ఆలోచన కాదు, కోడలిది. వెనక బెల్టుల ఆలోచన కూడా. పక్కింటావిడకు చెప్పాలి.

4. పన్ను సంగతి కోడలికి చెప్పాలి. టార్చి వేసి చూసిన రోజే దానికి తెలుసు, అయినా ఒక్క మాట అనలేదు. అందుకే చెప్పాలి. ఈసారి అది ఊపిరి బిగపట్టమనేలోపే.

5. కొత్త బెల్టులు పడిన రోజు, నేను తాళం తిప్పబోయే ముందు, వెనక నుంచి పిడుగు అడగాలి: “నానమ్మా, పెట్టుకున్నావా?” నేను టక్‌మనిపించి, “పెట్టుకున్నాను,” అనాలి. ఆ తర్వాతే ఏనుగు కదలాలి.